ఇంటి పన్ను వివాదాలు: యజమాని బాధ్యత, స్థానిక సంస్థ అధికారం

పాఠం లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• స్థానిక సంస్థలకు ఇంటి పన్ను వేసే అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో వివరించగలుగుతారు.
• పన్ను వివాదంలో ఇమిడి ఉన్న నాలుగు ప్రశ్నలను విడదీసి చూడగలుగుతారు.
• అద్దె విలువ పద్ధతికీ మూలధన విలువ పద్ధతికీ తేడా చెప్పగలుగుతారు.
• పన్ను నోటీసు అందినప్పుడు వరుసగా ఏమి చేయాలో తెలుసుకుంటారు.
• పన్ను రసీదుకూ ఆస్తి హక్కుకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మనలో చాలామందికి ప్రభుత్వంతో నేరుగా ఏర్పడే మొదటి లావాదేవీ ఇంటి పన్ను. ఆదాయపు పన్ను కట్టని కుటుంబం ఉంటుంది గాని, ఇంటి పన్ను తెలియని కుటుంబం ఉండదు. అయినా బిల్లు చేతికి రాగానే మనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంత ఎందుకు వచ్చింది?" ఆ ప్రశ్న సహజమే. కాని చట్టం దృష్టిలో అది మూడో ప్రశ్న. దానికి ముందు రెండు, తరువాత ఒకటి ఉన్నాయి. ఆ నాలుగింటినీ క్రమంలో అడగడం నేర్పడమే ఈ పాఠం ఉద్దేశం.

చర్చ సులువుగా సాగడానికి ముగ్గురు ఊహాత్మక యజమానులను తీసుకుందాం. మొదటి ఆమెకు ఏలూరు శివారులో సొంత ఇల్లు ఉంది. ముందు గదిని చిల్లర దుకాణానికి అద్దెకిచ్చింది. రెండో ఆయన తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారికి గోదాము అద్దెకిచ్చాడు. మూడో వ్యక్తి కొల్లేరు లంక గ్రామంలో ఉంటాడు. ఊళ్ళో ఇల్లు, చెరువు గట్టు మీద ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. ముగ్గురికీ బిల్లులు వచ్చాయి. ముగ్గురూ అవి అన్యాయమంటున్నారు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో పాఠం చివరికి మీరే చెప్పగలగాలి.

2. పన్ను వేసే అధికారం ఎక్కడిది?

చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. ఈ పాఠానికంతటికీ పునాది ఆ ఒక్క వాక్యమే. భూములు, భవనాల మీద పన్ను ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 49వ అంశం. అంటే దానిపై చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభది. పంచాయతీలకు 243-హెచ్, పురపాలక సంస్థలకు 243-ఎక్స్ అధికరణాల ప్రకారం రాష్ట్రం ఆ అధికారాన్ని చట్టం ద్వారా అప్పగిస్తుంది. 73, 74వ రాజ్యాంగ సవరణలతో వచ్చిన ఈ అధికరణాలు 1993లో అమలులోకి వచ్చాయి. కాబట్టి పురపాలక సంఘానికి సొంతంగా పుట్టిన పన్ను అధికారం లేదు. శాసనసభ ఎంత ఇచ్చిందో అంతే.

మన ప్రాంతంలో ఈ వ్యవస్థ పాతదే. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1866లో, ఏలూరు పురపాలక సంఘం ఏర్పడింది. తరువాత 1884, 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టాలు, రాష్ట్రం ఏర్పడ్డాక 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. తాడేపల్లిగూడెం 1958లో పురపాలక సంఘమైంది. ఏలూరు 2005లో నగరపాలక సంస్థ అయింది. కొల్లేరు గ్రామాలకు వర్తించేది 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం. ఊరు ఏ చట్టం కిందికి వస్తుందన్నది మొదట తేల్చుకోవాలి. ఎందుకంటే ఊరి హోదా మారితే పన్ను మారుతుంది.

దీనికి తెలుగునాట గొప్ప ఉదాహరణ చీరాల-పేరాల. ఆ రెండు ఊళ్ళను కలిపి 1919లో పురపాలక సంఘంగా చేసినప్పుడు పన్నుల భారం ఎన్నో రెట్లు పెరిగింది. నేత పనివారు, రైతులు ఎక్కువగా ఉన్న ఆ ఊరు దానిని మోయలేనంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు పన్ను నిరాకరించారు. 1921లో ఇళ్ళు వదిలి, ఊరి బయట రామ్‌నగర్ అనే పేరుతో పాకలు వేసుకుని, ఎండకూ వానకూ ఓర్చి సుమారు పదకొండు నెలలు గడిపారు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మీరు ఈ ఘట్టాన్ని చదివే ఉంటారు. ఇక్కడ దానిని మరో కోణంలో గమనించండి. వారి అభ్యంతరం పన్ను మొత్తం మీద మాత్రమే కాదు. తమ సమ్మతి లేకుండా తమ ఊరి హోదా మార్చడం మీద.

ఈ ప్రశ్న నేటికీ ఉంది. శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్ళమూడి వంటి ఏలూరు శివారు గ్రామాలు నగరపాలక సంస్థలో కలిశాయి. అదే ఇల్లు, అదే వీధి. కాని పంచాయతీ ఇంటి పన్ను స్థానంలో నగరపాలక ఆస్తి పన్ను వస్తుంది. మన మొదటి యజమానురాలి ఆశ్చర్యానికి సగం కారణం ఇదే. ఆమె ఇల్లు మారలేదు. ఆమె ఇంటికి వర్తించే చట్టం మారింది.

3. వివాదంలోని నాలుగు ప్రశ్నలు

ఏ పన్ను వివాదాన్నయినా ఇలా విడదీయవచ్చు: పన్ను కట్టవలసినది ఎవరు? దేని మీద? ఎంత? ఏ పద్ధతిలో నిర్ణయించారు? ఒక్కొక్కటే చూద్దాం.

3.1 ఎవరు కట్టాలి?

పురపాలక చట్టం ప్రకారం ఆస్తి పన్ను కట్టే ప్రాథమిక బాధ్యత యజమానిది. పన్ను ఆర్నెల్లకొకసారి పడుతుంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం చొప్పున వడ్డీ చేరుతుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కట్టినవారికి 5 శాతం తగ్గింపు ఇచ్చే ఏర్పాటు ఉంది.

గూడెం గోదాము యజమాని వాదన ఏమిటంటే, "అద్దె ఒప్పందంలో పన్ను అద్దెదారే కట్టాలని రాసుకున్నాం. నాకెందుకు నోటీసు?" ఈ వాదన పురపాలక సంఘం ముందు నిలవదు. ఒప్పందం ఆ ఇద్దరినే కట్టి ఉంచుతుంది, మూడో పక్షాన్ని కాదు. పురపాలక సంఘం యజమానినే అడుగుతుంది. యజమాని కట్టి, ఒప్పందం ప్రకారం అద్దెదారు నుంచి రాబట్టుకోవాలి. దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. యజమాని కట్టకపోవడం వల్ల జప్తు ముప్పు వచ్చి అద్దెదారు ఆ బకాయి కట్టాడనుకోండి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 69వ సెక్షన్ ప్రకారం, మరొకరు కట్టవలసిన సొమ్మును తన ప్రయోజనం కాపాడుకోవడానికి కట్టినవాడు దానిని తిరిగి పొందవచ్చు.

ఇల్లు చేతులు మారినప్పుడు వివాదాలు ఇంకా ఎక్కువ. అమ్మినవారూ కొన్నవారూ కూడా మూడు నెలల్లోగా పురపాలక కార్యాలయానికి తెలియజేయాలి. తెలియజేయకపోతే రికార్డులో పాత యజమాని పేరే ఉంటుంది, బాధ్యతా అతని మీదే కొనసాగుతుంది. అమ్మకం తేదీ వరకు ఉన్న ప్రభుత్వ బకాయిలను, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మినవారే తీర్చాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. కాని పన్ను బకాయి మనిషి మీదే కాక ఆస్తి మీద కూడా భారంగా నిలుస్తుంది. ఆ భారం కొత్తగా కొన్నవారి మీదికి వస్తుందా? 1971లో అహమ్మదాబాదు నగరపాలక సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను విచారించింది. బకాయి సంగతి తెలియకుండా, విలువ చెల్లించి కొన్నవారి ఆస్తి మీద ఆ భారాన్ని అమలు చేయడానికి, చట్టంలో స్పష్టమైన నిబంధన లేనప్పుడు, వీల్లేదన్నది. ఈ తీర్పు ఉందిగదా అని ధీమాగా ఉండకండి. "తెలియదు" అని నిరూపించుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కొనే ముందు బకాయి లేదని ధ్రువీకరణ తీసుకోవడానికి ఒక్క పూట చాలు.

3.2 దేని మీద పన్ను?

పన్ను పడాలంటే ఆ ఆస్తి చట్టంలోని నిర్వచనంలోకి రావాలి. పంచాయతీ వేసేది ఇంటి పన్ను. మరి కర్మాగారం "ఇల్లు" అవుతుందా? ఈ ప్రశ్న హైదరాబాదు పక్కనున్న కుత్బుల్లాపూర్ గ్రామ పంచాయతీకీ, హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థకూ మధ్య వచ్చింది. పంచాయతీ ఆ సంస్థ భవనాల మీద ఇంటి పన్నుతోపాటు, నిర్మాణ అనుమతి రుసుము కూడా అడిగింది. వివాదం నడుస్తుండగా 1974లో శాసనసభ "ఇల్లు" నిర్వచనాన్ని వెనకటి తేదీ నుంచి వర్తించేలా సవరించింది. 1975లో సుప్రీంకోర్టు ఇంటి పన్నును సమర్థించింది, అనుమతి రుసుమును కొట్టివేసింది. కారణం గమనించండి. పన్నుకు ప్రతిగా ఫలానా సేవ చేశామని చూపనక్కరలేదు, చట్టం ఉంటే చాలు. రుసుముకు ప్రతిగా సేవ ఉండాలి. పంచాయతీ ఊరికి చేసే పనులన్నీ కలిపి చూపి ఒక రుసుమును సమర్థించుకోలేదు. కాబట్టి "మా వీధికి మురుగు కాలువ లేదు, పన్ను ఎందుకు కట్టాలి?" అన్న మాట పౌరుడిగా న్యాయమైన ఫిర్యాదే. పన్ను ఎగ్గొట్టడానికి మాత్రం అది చట్టపరమైన కారణం కాదు.

ఇప్పుడు కొల్లేరు యజమాని సంగతి. ఊళ్ళోని ఇంటి మీద పంచాయతీ పన్ను వేయవచ్చు. చేపల చెరువు "ఇల్లు" కాదు. దానికి వర్తించేది రెవెన్యూ శాఖ వసూలు చేసే నీటి తీరువా. మధ్యలో ఉన్నది గట్టు మీది షెడ్డు. దుకాణం, గిడ్డంగి వంటివి కూడా ఇంటి నిర్వచనంలోకి వస్తాయి కాబట్టి మేత బస్తాలు నిలవ చేసే షెడ్డు మీద పన్ను పడే అవకాశం ఉంది. నాలుగు కర్రలు పాతి తాటాకు కప్పిన తాత్కాలిక కాపలా పాక విషయంలో వాదించడానికి చోటుంది. ఆస్తికి మనం పెట్టుకున్న పేరును బట్టి కాదు, దాని నిర్మాణాన్నీ వాడకాన్నీ బట్టి తేలుతుంది.

మినహాయింపులకూ ఇదే సూత్రం. ప్రార్థనాలయాలు, విద్య, ధర్మ కార్యాలకు వాడే కొన్ని భవనాలకు చట్టం మినహాయింపు ఇస్తుంది. గుడికి మినహాయింపు ఉంటే, గుడి ప్రహరీకి ఆనించి కట్టి అద్దెకిచ్చిన దుకాణాలకు కూడా ఉన్నట్టు కాదు. కేంద్ర ప్రభుత్వ ఆస్తికి 285వ అధికరణం మినహాయింపు ఇస్తుంది. రైల్వే స్టేషను వంటి వాటి మీద ఆస్తి పన్ను లేకపోవడానికి కారణం అదే. అయితే వాటికీ స్థానిక సంస్థ సేవలు అందుతాయి. అందుకే రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు కుదిరిన ఏర్పాటు ప్రకారం, వాడుకునే సేవల స్థాయిని బట్టి ఆస్తి పన్నులో 75, 50, లేదా 33⅓ శాతానికి సమానమైన సేవా రుసుము కేంద్రం చెల్లించాలి.

3.3 ఎంత?

పాత పద్ధతికి ఆధారం వార్షిక అద్దె విలువ. "సబబుగా ఎంత అద్దె వస్తుందని ఆశించవచ్చు?" అన్నది ప్రశ్న. నిజంగా వచ్చిన అద్దె ఎంతన్నది కాదు. ఈ తేడా మీదే మన రాష్ట్రం నుంచి ఒక ముఖ్యమైన కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అది గుంటూరు పురపాలక సంఘానికీ, గుంటూరు పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘానికీ మధ్య నడిచిన కేసు. తీర్పు 1970లో వచ్చింది.

అద్దె నియంత్రణ చట్టం ఉన్న ఊళ్ళో, న్యాయమైన అద్దెకు మించి యజమాని వసూలు చేయరాదు. అలాంటప్పుడు పన్ను లెక్క కోసం పురపాలక సంఘం అంతకు మించిన అద్దెను ఊహించవచ్చా? ఆ భవనానికి రెంట్ కంట్రోలరు న్యాయమైన అద్దెను ఇంకా నిర్ణయించలేదు కాబట్టి మాకు ఆ పరిమితి లేదని సంఘం అన్నది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం నిషేధించిన అద్దెను ఎవరూ "సబబుగా" ఆశించలేరు. కంట్రోలరు నిర్ణయించినా నిర్ణయించకపోయినా, న్యాయమైన అద్దె సూత్రాల ప్రకారమే విలువ కట్టాలన్నది తీర్పు. గెలిచింది పన్ను చెల్లింపుదారులు. 1979లో ఢిల్లీకి చెందిన దివాన్ దౌలత్ రాయ్ కపూర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది.

ఈ తీర్పులకు రెండో వైపు కూడా చూడాలి. అద్దె నియంత్రణ కింద అద్దెలు ఏళ్ళ తరబడి గడ్డకట్టిపోతే, వాటితోపాటు పన్ను కూడా గడ్డకట్టింది. చెత్త తీసే మనిషి జీతం, వీధి దీపాల కరెంటు ఖర్చు మాత్రం ఆగలేదు. అందువల్ల రాష్ట్రాలు నిజమైన అద్దెతో ముడిపెట్టకుండా పన్ను లెక్కించే దారులు వెతికాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాంతం, నిర్మాణ రకం, విస్తీర్ణం, భవనం వయస్సు, వాడకం ఆధారంగా అద్దె విలువ కట్టే నియమాలు 1990లో వచ్చాయి. ఇన్ని అంశాలు ఎందుకంటారా? విస్తీర్ణం ఒక్కటే చూసి పన్ను వేసిన కేరళ భవన పన్ను చట్టాన్ని సుప్రీంకోర్టు 1968లో సమానత్వ సూత్రానికి విరుద్ధమని కొట్టేసింది. పట్టణం నడిబొడ్డున ఉన్న వెయ్యి అడుగుల భవనం, మారుమూల ఉన్న వెయ్యి అడుగుల భవనం సమానం కావు. సమానం కానివాటిని సమానంగా చూడటం కూడా అసమానతే.

2020లో రాష్ట్రం మరో అడుగు వేసింది. పురపాలక చట్టాలను సవరించి అద్దె విలువ స్థానంలో మూలధన విలువను ఆధారం చేసింది. అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్క ప్రకారం స్థలం, కట్టడం కలిపి ఎంత విలువ చేస్తాయన్నది. 2020 నవంబరులో వచ్చిన 198వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వులోని నియమాల ప్రకారం నివాస భవనాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను ఉండవచ్చు. ఈ హద్దుల మధ్య రేటును స్థానిక సంస్థ నిర్ణయిస్తుంది. పాత పన్ను మీద పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. నివాసాల పన్ను 2002 తరువాత, నివాసేతర భవనాల పన్ను 2007 తరువాత సవరించలేదన్నది ప్రభుత్వం చూపిన కారణం. భూమి ధర పెరిగితే చేతికి వచ్చే ఆదాయం పెరగదు కదా అన్నది ప్రజల అభ్యంతరం. 2021లో పలు పట్టణాల్లో పన్ను చెల్లింపుదారుల సంఘాలు, రాజకీయ పక్షాలు నిరసనలు చేశాయి. మూలధన విలువను కొలమానంగా వాడినంత మాత్రాన అది భూములు, భవనాల పన్ను కాకుండా పోదని బకింగ్‌హాం కర్నాటిక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది. కాబట్టి న్యాయస్థానంలో ఈ పద్ధతిని మొత్తంగా కొట్టేయించడం కష్టం. లెక్కలోని తప్పులను ప్రశ్నించడం తేలిక.

ఒక ఊహాత్మక లెక్క చేద్దాం. ఏలూరు యజమానురాలి స్థలం 200 గజాలు, గజం 10,000 రూపాయలు. అది 20 లక్షలు. కట్టడం 1,000 చదరపు అడుగులు, అడుగు 1,000 రూపాయలు. అది 10 లక్షలు. మొత్తం 30 లక్షలు. రేటు 0.12 శాతం అనుకుంటే ఏడాది పన్ను 3,600 రూపాయలు. ఆమె పాత పన్ను 2,000. పదిహేను శాతం పరిమితి వల్ల మొదటి ఏడు 2,300, రెండో ఏడు 2,645, మూడో ఏడు సుమారు 3,042, నాలుగో ఏడు సుమారు 3,498 కడుతుంది. అయిదో ఏట 15 శాతం కలిపితే 4,023 అవుతుంది. కాని ఆమె కట్టవలసినది 3,600 మాత్రమే. పదిహేను శాతం అన్నది పెంపుకు గరిష్ఠ పరిమితే గాని, ఏటా తప్పనిసరిగా పెంచాలన్న నియమం కాదు. ఇందులో మీరు పరిశీలించగలిగినవి నాలుగు: స్థలం కొలత, కట్టడం కొలత, వాడకం, పాత పన్ను. ముందు గది దుకాణమైతే ఆ గదికి మాత్రమే నివాసేతర రేటు పడాలి. ఇల్లంతటికీ పడితే అది ప్రశ్నించదగిన తప్పు. రేట్లు, పరిమితులు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి. మీ ఊరి తాజా రేటును పురపాలక కార్యాలయంలో అడిగి లెక్కించండి.

3.4 ఏ పద్ధతిలో?

పన్ను కొత్తగా వేసినా, పెంచినా యజమానికి ప్రత్యేక నోటీసు ఇవ్వాలి. అందులో రాసిన గడువులోగా యజమాని కమిషనరుకు రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. కమిషనరు విని నిర్ణయం చెప్పాలి. నచ్చకపోతే అప్పీలు. అప్పీలు విచారణకు తీసుకోవాలంటే చాలా సందర్భాల్లో పన్ను కట్టి ఉండాలి. ఈ మెట్లు ఎక్కకుండా నేరుగా సివిల్ కోర్టుకు వెళితే, చట్టం చూపిన దారి ఉండగా దావా చెల్లదంటారు. అధికారం లేకుండా పన్ను వేశారనో, నోటీసే ఇవ్వలేదనో ఆరోపించేటప్పుడు 226వ అధికరణం కింద హైకోర్టు దారి ఉంది.

నా సొంత అనుభవం చెబుతాను. పదవీ విరమణ తరువాత మా పాత ఇంటి ముందు గదిని ఒక దర్జీకి అద్దెకిచ్చాను. కొన్నాళ్ళకు కొలతలు తీసుకుని వెళ్ళారు. నేను మా అమ్మాయి దగ్గర ఉన్న రోజుల్లో నోటీసు వచ్చింది. ఒక ప్రతి గోడకు అంటించి, ఒకటి దర్జీ చేతికిచ్చారు. అతను దానిని భద్రంగా కుట్టుమిషను సొరుగులో పెట్టాడు. నేను వచ్చి చూసేసరికి గడువు దాటింది. ఇల్లంతా దుకాణంగా రాశారు! తప్పు కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కాని కార్యాలయంలో అడిగింది తప్పు గురించి కాదు, తేదీ గురించి. ప్రజాపాలన పాఠాలు దశాబ్దాలు చెప్పినవాణ్ణి, నోటీసు మీది తేదీకి ఓడిపోయాను. చివరకు గదుల కొలతలతో పటం గీసి, సవరణ కోసం దరఖాస్తు పెడితే తరువాతి అర్ధ సంవత్సరం నుంచి సరిచేశారు. కట్టింది మాత్రం తిరిగి రాలేదు. అందుకే చెబుతున్నాను: అద్దెకిచ్చిన ఇంటికి వచ్చే ప్రతి కాగితం మీకు చేరే ఏర్పాటు ముందే చేసుకోండి.

నోటీసు అందగానే చేయవలసినవి వరుసగా:

1. అందిన తేదీని నోటీసు మీదే రాసి, ఫొటో తీసుకోండి.
2. ఆస్తి నంబరు, యజమాని పేరు, కొలతలు, వాడకం, పాత పన్ను సరిచూడండి.
3. అభ్యంతరాన్ని ఒక్కొక్క అంశంగా రాయండి. "పన్ను ఎక్కువ" అనకండి. "కట్టడం 1,000 అడుగులు, మీరు రాసింది 1,400" అనండి.
4. ఆధారాలు జతచేసి గడువులోగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.
5. భవనం ఖాళీగా ఉంటే, ఖాళీ అయినప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ కాలానికి పన్నులో సగం మించకుండా తగ్గింపు పొందే వీలుంది. చెప్పకుండా ఖాళీగా ఉంచి, ఏడాది తరువాత అడిగితే ప్రయోజనం ఉండదు.

4. పన్ను రసీదు పట్టా కాదు

మన ప్రాంతంలో అన్నిటికంటె ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. "ఇరవై ఏళ్ళుగా ఇంటి పన్ను కడుతున్నాను, ఈ స్థలం నాది" అనే మాట కొల్లేరు గ్రామాల్లో తరచు వింటాం.

కొల్లేరు సంగతి గుర్తు చేసుకోండి. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల నీరు ఈ సరస్సులో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. 1999 అక్టోబరులో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు ఉన్న ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున కొట్టేశారు. ఆ హద్దుల్లో జిరాయితీ పట్టా భూములూ ఉన్నాయి, ప్రభుత్వ భూములూ ఉన్నాయి. పట్టాదారుల నష్టపరిహారం ప్రశ్న వేరు; ప్రభుత్వ భూమిలో వేసిన చెరువు, షెడ్డు ప్రశ్న వేరు. ఈ రెండింటినీ పన్ను రసీదు కలపలేదు.

ఎందుకు? పన్ను రిజిస్టరు ఉద్దేశం వేరు. ఈ కట్టడాన్ని ఎవరు అనుభవిస్తున్నారు, ఎవరి దగ్గర వసూలు చేయాలి అన్నదే అందులో రాస్తారు. భూమి ఎవరిది అన్న విచారణ పంచాయతీ కార్యదర్శి చేయడు, చేసే అధికారమూ లేదు. రికార్డుల్లో పేరు మార్పిడి వల్ల హక్కు పుట్టదు, పోదు అని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. పట్టణాల్లో అనుమతి లేని కట్టడాల మీద పన్నుతోపాటు అందులో 25 నుంచి 100 శాతం దాకా జరిమానా వేసే నిబంధన ఉంది. ఆ జరిమానా కట్టినా కట్టడం క్రమబద్ధం కాదు.

అలాగని రసీదు పనికిరాని కాగితం కాదు. ఫలానా కాలంలో ఫలానా ఇంట్లో ఉన్నారనడానికి, స్వాధీనానికి అది సాక్ష్యం. నివాస ధ్రువీకరణకు, పునరావాసం కోరేటప్పుడు ఉపయోగపడుతుంది. దాని బలం ఎంతో అంతే ఆశించాలి. గట్టు మీది షెడ్డుకు పన్ను కట్టి, ఆ రసీదు చూపి అప్పు తెచ్చి, ఇంకా పెద్ద షెడ్డు వేసిన రైతు, గట్టు కొట్టేసే రోజున రెండు విధాలా నష్టపోతాడు.

5. సారాంశం

ఇప్పుడు మన ముగ్గురు యజమానుల దగ్గరికి వద్దాం. ఏలూరు యజమానురాలికి పన్ను తప్పదు. కాని ఇల్లంతటికీ దుకాణం రేటు వేస్తే గడువులోగా ప్రశ్నించి నెగ్గవచ్చు. గూడెం గోదాము యజమాని పురపాలక సంఘానికి కట్టాలి, ఒప్పందం ప్రకారం అద్దెదారు నుంచి రాబట్టుకోవాలి. కొల్లేరు యజమాని ఊళ్ళో ఇంటికి పన్ను కట్టాలి. షెడ్డు విషయంలో దాని నిర్మాణం, వాడకం చూడాలి. ఏ రసీదూ అతనికి భూమి ఇవ్వదు.

ఇంటి పన్ను అంటే పౌరుడు ఊరితో పెట్టుకున్న లెక్క. పన్ను తగ్గించమని అడిగే హక్కు, ఆ పన్నుతో ఏమి చేశారని అడిగే హక్కు, రెండూ మీవే. మొదటిదాన్ని గడువులోగా, కాగితం మీద అడగండి. రెండోదాన్ని వార్డు సభలో, గ్రామసభలో ఎప్పుడైనా అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పన్నుకూ రుసుముకూ తేడా ఏమిటి? కుత్బుల్లాపూర్ పంచాయతీ కేసు ఆధారంగా నాలుగు వాక్యాల్లో రాయండి.
2. 1970 నాటి గుంటూరు తీర్పులో "సబబుగా ఆశించదగిన అద్దె" అన్న మాటకు కోర్టు ఇచ్చిన అర్థం ఏమిటి?
3. "అద్దెదారు కడతానని ఒప్పుకున్నాడు కాబట్టి యజమానికి బాధ్యత లేదు." ఈ వాక్యం సరైనదేనా? కారణం చెప్పండి.
4. పాత పన్ను 1,500 రూపాయలు, కొత్త లెక్క ప్రకారం పన్ను 1,900. పదిహేను శాతం పరిమితితో మొదటి రెండేళ్ళు ఎంత కట్టాలి?

చేసి చూడండి

మీ ఇంటి తాజా పన్ను బిల్లును, మీరు అద్దెకు ఉంటే యజమాని అనుమతితో ఆయన బిల్లును, తీసుకోండి. టేపుతో ఇంటిని కొలిచి, బిల్లులోని విస్తీర్ణం, వాడకం వివరాలతో పోల్చండి. తేడా ఉంటే కమిషనరుకు లేదా పంచాయతీ కార్యదర్శికి ఒక పేజీకి మించని అర్జీ రాయండి. దానిని మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి తీసుకురండి.